మట్టి కొలతకి కుట్టిన బూట్లు

ఆ బూట్లు నా కాళ్ళకి సరిపోలేదు. సరిపోకపోవడం ఒక ఎత్తయితే, పట్టుమని నెల రోజులైనా నిలవకపోవడం ఇంకో ఎత్తు. ఇన్నేళ్ళయినా వాటి మాట తలుచుకుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కుట్టినవాడి మీద కాదు, కుట్టించుకున్న వెధవ మీద. ఆ వెధవని నేనే.

అప్పటికి గోదావరికి ఆనకట్ట కట్టి ముప్పై ఏళ్ళు దాటింది. మా వైపు రైలింకా రాలేదు. ఎక్కడికి వెళ్ళాలన్నా కాలవలో పడవే. తణుకు దగ్గర కాలవ ఒడ్డున మా ఊరు. అమ్మా నాన్నా నా చిన్నప్పుడే పోయారు. అన్నయ్య వ్యవసాయం చూసుకునేవాడు. నేను రాజమండ్రిలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుని, నాగలి పట్టనని భీష్మించుకు కూర్చున్నాను. చివరికి గోకవరం దాటాక మొదలయ్యే కొండల్లో అడివి హద్దులు కొలిచే సర్వేలో గుమాస్తాగా చేరాను. గొలుసుతో కొలిచేవాళ్ళు కొలిచి అంకెలు అరుస్తుంటే, వెనకాల నడుస్తూ పుస్తకంలో రాసుకోవాలి. అంతే పని. చలికాలంలో మొదలుపెట్టి వానలు పడేదాకా నిలిస్తే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు.

ఆ ‘ఖాయం’ అన్న మాట మీదే నా బతుకు ఆగి ఉంది. పెళ్ళయి ఏళ్ళు గడిచినా నా భార్య ఇంకా పుట్టింట్లోనే ఉంది. మా ఊరికి ఎగువన, అదే కాలవ మీద వాళ్ళ ఊరు. మా మామగారు మర్యాదస్తుడే గానీ మాట మాత్రం ఖండితం.

“ఏమీ అనుకోకండి అల్లుడుగారూ. మీ అన్నగారి పంచన ఉండగా పిల్లని పంపమండి. ఉద్యోగం ఖాయమైన రోజున నేనే పడవెక్కించి తీసుకొస్తాను” అన్నారు.

అందులో తప్పేం లేదు. అప్పటికి నేను ఆమెని సరిగ్గా నాలుగుసార్లు చూశాను. నాలుగోసారి, కొండలకి వెళ్తున్నానని చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, తలుపు చాటు నుంచి, “అడివిలో పాములుంటాయాటండీ?” అని అడిగింది. ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అది. నేను మహా గొప్పగా, “ఉంటే ఉంటాయి!” అన్నాను. ఇంటికొచ్చేదాకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. అంతకన్నా మంచి మాట ఒక్కటి దొరకలేదా నా మొహానికి?

ఇక బూట్ల సంగతి. సర్వే దొర పెట్టిన నియమం ఒకటుంది. కొండవాళ్ళు తప్ప, బూట్లు లేనివాడు కొండెక్కడానికి వీల్లేదు. అంతకు ముందటేడు ముళ్ళు గుచ్చుకుని ఇద్దరి కాళ్ళు కుళ్ళిపోయాయట. రాజమండ్రిలో ఎవరో దొరలు వదిలేసిన పాత బూట్లు దొరుకుతాయన్నారు. ఒకరు తొడిగి విడిచిన జోడు నేను తొడుక్కోవడమా, ఛీ అనుకున్నాను. మా ఊరి పేటలో చెప్పులు కుట్టే ముసలాయన ఉండేవాడు. ఊరందరి చెప్పులూ, ఎద్దుల మెడపట్టెడలూ ఆయన చేతివే. కాలవ ఓవర్సియరు పాత బూటొకటి అడిగి తెచ్చి నమూనాగా ఆయన ముందు పడేశాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “కుడతాను బాబయ్యా. కాలిలా ఎట్టండి, కొలుచుకుంటాను” అంటూ చెయ్యి చాపాడు.

నేను గభాల్న వెనక్కి తగ్గాను. మామూలు చెప్పులకి పాత చెప్పు ఇస్తే చాలు, దాన్ని చూసి కుట్టేసేవాడు. బూటుకి అలా కుదరదు. మడమా, చీలమండా, వేళ్ళ ఎత్తూ చేత్తో పట్టి చూడాలి. ఆయన నన్ను తాకకూడదు. తాకితే ఏమవుతుందో నాకు తెలియదు. తాకకూడదని మాత్రం పుట్టినప్పటి నుంచీ తెలుసు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చినా అది మాత్రం వదల్లేదు.

“నన్ను ముట్టుకోకుండా కొలత ఇస్తాలే” అన్నాను.

అప్పుడు నాకు తట్టిన తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను. కాలవ రేవులో నీళ్ళు దిగిపోయిన చోట నల్ల బంకమట్టి ఉంది. అందులో రెండు కాళ్ళూ చీలమండల దాకా దిగేసి, మెల్లిగా పైకి తీశాను. వేళ్ళ గీతలతో సహా అచ్చు దిగింది. పారతో ఆ మట్టి పెళ్ళలు రెండూ కోసి, తాటాకు చాప మీద పెట్టించుకుని, గట్టిపడటానికి మా చూరు కింద ఉంచాను. ఈలోగా ముసలాయన కూతురింటికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజులూ మట్టి ఎండింది. ఎండితే బంకమట్టి ముడుచుకుపోతుందని, వేసవిలో మా చేలు కాలు దూరేంత నెర్రెలు తీసేది అందుకేనని రైతు కొడుకుని నాకు తెలియదా? తెలుసు. తెలిసినది వేళకి గుర్తు రాకపోతే ఏం లాభం!

ముసలాయన వచ్చి, ఆ పెళ్ళల ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

“బాబయ్యా, ఈ పాదం మరీ సిన్నగా ఉందండి. తవరిది కాదేమో” అన్నాడు.

“నాది కాకపోతే నీదా? కుట్టమన్నది కుట్టు” అని కసిరాను.

కుట్టాడు. పాపం, చూడటానికి ఎంత బాగున్నాయో! ఆముదం పట్టించి రుద్దితే నల్లగా నిగనిగలాడాయి. తొడిగి చూసుకుంటే వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. బిగువుగా ఉన్నాయని చెప్తే మళ్ళీ కాలు చూపించమంటాడు. తోలే కదా, సాగుతుందిలే అనుకుని ఊరుకున్నాను. తోలు సాగడం మాట దేవుడెరుగు. పెద్దవాళ్ళ అరుగుల ముందు నుంచి వెళ్ళేటప్పుడు కాలిజోడు తీసి చేత్తో పట్టుకోవడం మా వైపు మర్యాద. చెప్పులయితే చిటికెలో తీస్తాం. బూట్లకి తాళ్ళు విప్పాలి, మళ్ళీ కట్టాలి. ఊళ్ళోంచి రేవుకి వెళ్ళడానికి పది అరుగులు దాటాలి. అందుకని ఊరి చుట్టూ కాలవగట్టు మీదుగా దొంగలా పోయి పడవెక్కాను. సాగనంపడానికి ఎవరూ రాలేదు.

కొండల్లో మా దండులో తెలుగు మాట్లాడేవాళ్ళు దాదాపు లేరు. గొలుసు పట్టేవాళ్ళంతా మద్రాసు వైపు నుంచి వచ్చిన అరవలు. వాళ్ళు మంచివాళ్ళే. కానీ సాయంత్రం అయ్యేసరికి ఒక నిప్పు చుట్టూ చేరి నవ్వుకుంటుంటే, ఏమిటి నవ్వుతున్నారో నాకు తెలిసేది కాదు. దూరంగా మూడు రాళ్ళు పెట్టుకుని నా అన్నం నేను వండుకునేవాణ్ణి. దారి చూపించే కొండరెడ్డి ఒకతను ఉత్త కాళ్ళతో మేకపిల్లలా ఎక్కిపోయేవాడు. నా నడక చూసి ఒక్కోసారి ఆగేవాడు గానీ ఏమీ అనేవాడు కాదు. రోజుల తరబడి నా నోట్లోంచి అంకెలు తప్ప మాట వచ్చేది కాదు. చింతపండు నీళ్ళు అన్నంలో పోసుకుని తింటూ, ఆమె ఇప్పుడేం చేస్తూ ఉంటుంది, దీపం వెలిగించి ఉంటుందా అని ఊహించుకునేవాణ్ణి. మొహం సరిగ్గా గుర్తొచ్చేది కాదు. ఎంత గింజుకున్నా గుర్తొచ్చేది కాదు. అప్పుడు నిజంగా దిగులు పుట్టేది.

వారం తిరిగేసరికి ఎడమ బూటు మడమ దగ్గర కుట్టు వదిలింది. కొండవాగులు రోజుకి మూడు నాలుగు దాటాలి. తడిసి తోలు అంబలిలా మెత్తబడేది. సాయంత్రం నిప్పు దగ్గర పెడితే ఎండి అప్పడంలా బిగుసుకునేది. పన్నెండో రోజుకి కుడిబూటు అడుగు నోరు తెరిచింది. అడవితీగతో కట్టుకున్నాను. అడుగున కొట్టిన మేకులు లోపలికి పొడుచుకొచ్చాయి. ఆకులు మడిచి పెట్టుకున్నాను. కుంచించుకుపోయిన తోలు లోపల వేళ్ళు చితికి, మడమలు కొట్టుకుపోయి, పుళ్ళు పడ్డాయి. సాయంత్రం విప్పితే పొద్దున్నకి కాళ్ళు వాచి బూట్లు మళ్ళీ ఎక్కేవి కావు. ఎక్కకపోతే పని లేదు. పని లేకపోతే ఖాయం లేదు. అందుకని విప్పడమే మానేశాను. బూట్లతోనే పడుకునేవాణ్ణి. ఈ రోజు, ఇంకొక్క రోజు అని పళ్ళు బిగబట్టాను. పాములకి భయపడే మనిషిని నా ఇంటికి తెచ్చుకోవాలి, అదొక్కటే ధ్యాస.

ఒకరోజు ఎక్కుడులో బాగా వెనకబడిపోయాను. ముందునుంచి అరిచిన అంకెలు సగం వినపడలేదు. తోచినవి రాశాను. సాయంత్రం దొర పుస్తకం చూసి నన్ను పిలిపించాడు. ఆయన మున్షీ దగ్గర పుస్తకాల తెలుగు నేర్చుకున్నవాడు. నా కాళ్ళకేసి చూశాడు, వాసనకి మొహం తిప్పుకోలేదు, అది ఆయన మంచితనం.

“నీ పాదములు చెడినవి. నీవు క్రిందికి వెళ్ళుము” అన్నాడు.

“అయ్యా, వానలదాకా ఉంటానండి, నా ఉద్యోగం—” అన్నాను.

“వచ్చు సంవత్సరము చూతము” అన్నాడు.

ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడవలేదు. బండిలో గోకవరం మీదుగా రాజమండ్రి చేరేదాకా మాత్రం ఏడుస్తూనే ఉన్నాను. బండివాడు ఏమనుకున్నాడో!

గోదావరి దాటి, విజ్జేశ్వరంలో పడవెక్కాను. మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగే పడవ. దారిలోనే మా మామగారి ఊరు. దిగకుండా పోదామనుకున్నాను. కానీ ఇంకొకరి నోట వినేకంటే నేనే చెప్పేస్తే మంచిదనిపించింది. ‘ఉద్యోగం పోయిందండి, అయినా పంపండి, ఎలాగో బతుకుతాం’ అని చేతులు పట్టుకుని అడుగుదామనుకున్నాను. పడవలో అదే మాట వందసార్లు వల్లించుకున్నాను. పడవ నడిపే సరంగుని కాసేపు ఆగమని చెప్పి రేవులో దిగాను.

మామగారు అరుగు మీదే ఉన్నారు. నన్ను చూడగానే లేచి ఎదురొచ్చారు.

“రండి రండి అల్లుడుగారూ! ఎంత కాలానికి! అమ్మాయీ, కాళ్ళకి నీళ్ళు పట్రా!” అని లోపలికి కేకేశారు.

అక్కడే చిక్కుపడ్డాను. మా వైపు ఇంటికొచ్చిన మనిషికి మొదట కాళ్ళకి నీళ్ళిస్తారు. కాళ్ళు కడుక్కుంటేనే లోపలికి వచ్చినట్టు. బూట్లు విప్పాలి. ఎలా విప్పడం? తోలు పుళ్ళకి అతుక్కుపోయింది. విప్పితే చర్మంతో సహా ఊడొస్తుంది, చీమూ నెత్తురూ వాకిట్లో పడతాయి. పెళ్ళిలో ఈ మనిషే పళ్ళెంలో నా కాళ్ళు పెట్టుకుని, పాలతో కడిగి, కూతుర్ని ఇచ్చాడు. ఆ కాళ్ళు ఇవేనని ఎలా చూపించను? సిగ్గుతో చచ్చిపోయాను.

“పడవ ఆగి ఉందండి. వెళ్ళాలి” అన్నాను.

“పడవకేంటండీ, ఇది కాకపోతే ఇంకోటి! కాళ్ళు కడుక్కుని లోపలికి రండి.”

“వద్దండి.”

ఆయన మొహం మారింది. నా బూట్ల కేసి చూశారు. “కొండల్లో పని బాగా సాగుతోందాండీ?” అని మాత్రం అడిగారు.

“సాగుతోందండి” అన్నాను. ఆ అబద్ధం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. వల్లించుకున్న మాట ఒక్కటీ రాలేదు. చుట్టుపక్కల అరుగుల మీద నలుగురూ చూస్తుండగా, వాకిట్లో బూట్లతో నిలబడి, గుమ్మం తొక్కకుండా తిరిగి వచ్చేశాను. వెనక్కి చూస్తే ఆమె కనిపిస్తుందేమోనని చూడలేదు.

ఇంటికొచ్చాక అన్నయ్యా వదినా ఆ వాసనకి దూరంగా నిలబడ్డారు. పశువుల పాకలో కూర్చున్నాను. ఎవరు చెప్పారో, ముసలాయన తోలు కోసే కత్తి పట్టుకుని వచ్చాడు. ఈసారి అడగలేదు, నేనూ వెనక్కి తగ్గలేదు. నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని, ఎడం చేత్తో మడమ పట్టుకుని, దారం దారం కోస్తూ, నీళ్ళు పోసి నానబెడుతూ, మధ్యాహ్నం దాకా తీశాడు. ఆయన చెయ్యి ఎంత తేలిగ్గా ఉందో! ఏమీ అవలేదు. ఆకాశం విరిగి మీద పడలేదు.

“ఇయి తవరి కాళ్ళకి కుట్టినయి కావండి బాబయ్యా. మట్టికి కుట్టినయి” అన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

ఇరవై రోజులు తిరక్కుండానే పడవవాళ్ళ నోట మామగారి మాట వచ్చింది. ‘దొరల బూట్లు విప్పలేని అల్లుడుగారికి మా ఇంటి నీళ్ళు పనికొస్తాయాండీ? పనికొచ్చిన రోజున రమ్మనండి’ అన్నారట. దొరల కొలువు నా నెత్తికెక్కిందనుకున్నారు వాళ్ళు. అసలు ఉద్యోగమే లేదని వాళ్ళకేం తెలుసు! అన్నయ్య మండిపడ్డాడు. “వాళ్ళే వచ్చి పిలవాలి, నువ్వు కదలడానికి వీల్లేదు” అన్నాడు. నాకూ పౌరుషం ముక్కు మీదే ఉండేది. కదల్లేదు.

కాళ్ళు మానాక కాలవ లాకుల దగ్గర గుమాస్తా పని దొరికింది. లాకంటే కాలవలో నీటి మట్టం మారే చోట తలుపులు మూసి తెరిచి పడవల్ని దాటించేది. ఏ పడవ ఎగువకి పోయిందో, ఏది దిగువకి పోయిందో రాయాలి. పక్కనే రెండు గదుల ఇల్లు ఇచ్చారు. ఉద్యోగం ఖాయమైంది కూడా. ఎవరికి చెప్పుకోను? ఖాయమైందని చెప్పడానికి వెళ్తే, మరి ఆనాడు అబద్ధమెందుకు చెప్పావంటారు.

నాలుగేళ్ళు. పెళ్ళివారి పడవలు తలుపుల మధ్య ఆగితే, కొత్త పెళ్ళికూతుళ్ళు గట్టు మీద నిలబడ్డ నన్ను చూసేవాళ్ళు. నేను పుస్తకంలోకి తల దూర్చేవాణ్ణి. రెండో గది తలుపు తీసేవాణ్ణే కాదు. ఒక మనిషికి వండిన అన్నం ఎప్పుడూ మిగిలేది. రెండుసార్లు వాళ్ళ ఊరి రేవుదాకా నడిచి వెళ్ళాను. ఉత్త కాళ్ళతోనే. రేవులో కాళ్ళు కడుక్కుని, ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అనుకుని, తిరిగి వచ్చేశాను. నాకంటే మూర్ఖుడు ఈ రెండు జిల్లాల్లో ఉండడు.

నాలుగో ఏడు మామగారు పోయారు. కబురు రాగానే, అన్నయ్యని అడక్కుండా వెళ్ళాను. కర్మలన్నీ అయ్యాక మా అత్తగారు, “తీసుకెళ్ళండి బాబూ. ఇంకెవరి కోసం ఆగాలి” అన్నారు. అంతే. ఎంత తేలికైన మాట! అలా ఆమె లాకు ఇంటికి వచ్చింది. నేను బయటి నుంచి వచ్చినప్పుడల్లా నీళ్ళ చెంబు గుమ్మంలో పెట్టి, నేను ముట్టుకునేలోపలే లోపలికి వెళ్ళిపోయేది. నేను కడుక్కుంటానో లేదో చూడటానికి నిలబడేది కాదు. ఎందుకని నేను అడగలేదు. ఆ రోజు సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇరవై ఏళ్ళ తరవాత ఒక మధ్యాహ్నం, ఇద్దరం కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, తల ఎత్తకుండానే అంది.

“ఆవేళ మీరు రేవులోంచి రావడం దొడ్లోంచి చూశానండీ. కుంటుతున్నారు.”

ఏవేళ అని నేను అడగలేదు.

“చన్నీళ్ళయితే మంట పుడుతుందని పొయ్యి మీద పెట్టాను. రెండు ఉప్పురాళ్ళు కూడా వేశాను. కాగేలోపలే వెళ్ళిపోయారు.”

“మీ నాన్నగారికి చెప్పలేదా?”

“ఎందుకు చెప్పలేదు? దొరల బూట్లు తొడిగితే నడక అలాగే ఉంటుందే పిచ్చిదానా అన్నారు.”

“మరి నాకెందుకు చెప్పలేదు ఇన్నేళ్ళూ?” గట్టిగా అరిచాననుకుంటాను.

“మీరూ చెప్పలేదుగా” అంది. ఒలిచిన గింజలు చేటలోకి పోసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

ఆమె పోయి ఈ కార్తీకానికి మూడేళ్ళు. పొద్దుపోక, ఇద్దరం కలిసి ఉన్న ఏళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఉంటాను. ఎన్నిసార్లు లెక్కపెట్టినా నాలుగు తక్కువే వస్తాయి.